గోదావరి పెరట్లో మొదటి స్మోకర్: ఏది కొనాలి, ఏది మానాలి

స్మోకర్, అంటే పొగలో మెల్లగా వండే పొయ్యి, కొనే ముందు మీ ఇంట్లో ఆదివారం ఏం వండుతారో ఆలోచించండి. భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు చాలా ఇళ్ళలో జవాబు ఇంచుమించు ఒకటే: రొయ్యలు, చేప, కోడి. పండక్కి అల్లుళ్ళు వస్తే మేక తొడ. వీటిని పొగలో వండడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. పెంకుతో ఉన్న పెద్ద రొయ్యలకి అరగంట చాలు. పండుగప్ప ముక్కలకి గంట. కిలోన్నర కోడికి రెండు గంటలు. మేక తొడ ఒక్కటే నాలుగైదు గంటలు అడుగుతుంది.

యూట్యూబ్‌లో చూసి మనం ముచ్చటపడే పెద్ద పెద్ద ఇనుప స్మోకర్లు వేరే వంట కోసం పుట్టినవి. టెక్సస్‌లో ఐదారు కిలోల గొడ్డు రొమ్ము మాంసాన్ని పన్నెండు గంటల పైనే పొగలో ఉంచుతారు. ఆ వంటకి ఆ పొయ్యి కావాలి. గంటలో అయిపోయే చేప కోసం అంత పొయ్యి రాజేస్తే కట్టెలు దండగ, ఓపిక దండగ.

అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను. పెరడు ఉన్న ఇంట్లో మొదటిసారి కొనేవాళ్ళకి మూత ఉన్న గుండ్రటి బొగ్గు గ్రిల్, అంటే కెటిల్, అన్నిటికన్నా మంచిది. పండగలకీ ఫంక్షన్లకీ ఇల్లంతా నిండిపోయే కుటుంబమైతే డ్రమ్ము స్మోకర్ చేయించుకోండి. మిగతావి ఎవరికి పనికొస్తాయో, ఎందుకు మనకి కుదరవో ఒక్కొక్కటే చెప్తాను.

పొగ వంటకి కావలసింది ఏమిటి

కుంపటి మీద కాల్చడానికీ దీనికీ అసలు తేడా వేడిలో ఉంది. నిప్పుల మీద నేరుగా కాల్చేటప్పుడు వేడి 200 డిగ్రీలు సులువుగా దాటిపోతుంది. పొగ వంటలో పెట్టె లోపలి గాలి సుమారు 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలబడాలి. అమెరికా వంటకాల్లో 225, 275 అని రాసేవి ఫారన్‌హీట్ లెక్కలో ఈ వేడే. నిప్పు ఒక పక్కన, వంట ఇంకో పక్కన ఉండాలి. పొగ వంటని తాకుతూ పై రంధ్రంలోంచి బయటికి పోవాలి. లోపలికి గాలి ఎంత వెళ్తే నిప్పు అంత మండుతుంది. కాబట్టి స్మోకర్ మంచిదా కాదా అని తేల్చేది గాలిని ఎంత బాగా అదుపు చేస్తుందన్న ఒక్క విషయమే. ధర, రంగు, చక్రాలు అన్నీ దాని తర్వాతే.

మారేడుమిల్లిలో తినే బొంగు చికెన్‌ని దీనితో కలపకండి. అది వెదురు గొట్టం లోపల తన ఆవిరితో తనే ఉడుకుతుంది. రుచి దాని దారి దానిది.

పొగని కూడా చూసి గుర్తుపట్టడం నేర్చుకోవాలి. బొగ్గు అప్పుడే అంటుకుంటున్నప్పుడు తెల్లగా, దట్టంగా, కళ్ళు మండించే పొగ వస్తుంది. అప్పుడే చేప పెట్టేస్తే చేదెక్కుతుంది, నాలిక మీద మసి రుచి నిలిచిపోతుంది. ఇరవై నిమిషాలు ఆగితే ఆ తెలుపు విరిగి, ఎండలో లేత నీలంగా, ఉందా లేదా అన్నట్టు పలచగా వస్తుంది. వంట పెట్టాల్సింది అప్పుడు. పొగ కంటికి సరిగ్గా కనబడకపోయినా వాసన వస్తుంటే చాలు, పని జరుగుతోందన్నమాటే.

కెటిల్

1952లో షికాగోలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన తను పనిచేసే లోహపు కర్మాగారంలో తయారయ్యే బోయాని, అంటే రేవుల్లో నీళ్ళమీద తేలే గుండ్రటి ఇనుప బుడ్డిని, అడ్డంగా కోసి కింద సగం గిన్నెగా, పై సగం మూతగా చేశాడు. తెరిచి ఉన్న పొయ్యిలో గాలి కొడితే నిప్పు అదుపు తప్పుతోందని ఆయన బాధ. మధ్యాహ్నం దాటగానే సముద్రపు గాలి మొదలయ్యే మన ఊళ్ళకి ఆ బాధ బాగా తెలుసు. అందుకే ఆ ఆకారం ఇక్కడ కూడా అంత బాగా పనిచేస్తుంది.

కెటిల్ అసలు గ్రిల్. కానీ మూత, కింద గాలి రంధ్రాలు, పైన గాలి రంధ్రాలు ఉన్నాయి కాబట్టి స్మోకర్ పని కూడా చేస్తుంది. బొగ్గుని ఒక పక్కకి నెట్టి, రెండో పక్క ఖాళీలో నీళ్ళ పళ్ళెం పెట్టి, దాని పైన జాలీ మీద కోడిని ఉంచితే రెండు గంటల వంట హాయిగా అయిపోతుంది. నీళ్ళు 100 డిగ్రీలు దాటి వేడెక్కవు కాబట్టి ఆ పళ్ళెం వేడిని ఎగుడుదిగుడు కాకుండా పట్టి ఉంచుతుంది. కారే కొవ్వు కూడా అందులోనే పడుతుంది.

మేక తొడ లాంటి పెద్ద వంటకి ఇంకో పద్ధతి ఉంది. బొగ్గు బిళ్ళల్ని గిన్నె అంచు వెంట రెండు వరసలుగా, ఒకదాన్నొకటి తాకేలా, ముప్పాతిక చుట్టు పేరుస్తారు. పైన అక్కడక్కడ చెక్క ముక్కలు పెడతారు. ఒక కొసన మాత్రమే ఏడెనిమిది కాలిన బిళ్ళలు వేస్తే నిప్పు కొసనుంచి కొసకి మెల్లగా పాకుతూ పోతుంది. మీరు మధ్యలో బొగ్గు వెయ్యక్కర్లేకుండానే ఐదారు గంటలు నడుస్తుంది. దీనికి ఒకే సైజులో ఉండే బిళ్ళలు కావాలి. కొబ్బరి చిప్పల బొగ్గుతో చేసిన బిళ్ళలు దొరికితే వదలకండి, నిలకడగా కాలతాయి. విడి ముక్కల బొగ్గయితే ఒక్కో ముక్క ఒక్కో లెక్కన మండి వేడి గంతులు వేస్తుంది. వాటిని కోడికీ చేపకీ వాడుకోండి.

సైజు విషయంలో సందేహం పెట్టుకోకండి. 47 సెంటీమీటర్లదీ 57 సెంటీమీటర్లదీ దొరుకుతాయి. చిన్నదాంట్లో నిప్పుకీ వంటకీ మధ్య ఎడం మిగలదు, చేప ఒక అంచు మాడిపోతుంది. పొగ వంట ఉద్దేశం ఉంటే 57 తీసుకోండి. రెండు కోళ్ళు పక్కపక్కన పడతాయి. జాలీ అంచు ఒక పక్క పైకి మడిచే వీలున్నదైతే వంట కదపకుండా బొగ్గు వేసుకోవచ్చు. చిన్న సంగతే కానీ ప్రతిసారీ పనికొస్తుంది.

కెటిల్‌కి ఇంకో గొప్ప సుగుణం, పొగ వంట మీద మీకు సరదా తగ్గినా అది మూల పడదు. రంధ్రాలన్నీ తెరిచి నిండా బొగ్గు వేస్తే పీతలు, మొక్కజొన్న పొత్తులు, పచ్చడి వంకాయలు కాల్చుకోవచ్చు.

డ్రమ్ము స్మోకర్

తణుకైనా తాడేపల్లిగూడెమైనా వెల్డింగ్ షాపు లేని ఊరు మనకి లేదు. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము, ఒక బొగ్గు బుట్ట, ఒక జాలీ, నాలుగు గాలి రంధ్రాలు ఉంటే స్మోకర్ తయారు. రుచిలో ఇది ఖరీదైన వాటికి ఏమాత్రం తీసిపోదు. కొవ్వు నేరుగా నిప్పుల మీద పడి ఆ పొగ మళ్ళీ మాంసానికి పడుతుంది కాబట్టి కోడికి దీని రుచే నాకు ఎక్కువ ఇష్టం.

కానీ డ్రమ్ము ఎక్కడిదో తెలియకుండా కొనకండి. ఈ గైడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న ప్రాంతం మనది. చెరువు మందులు, రసాయనాలు, ఇంజిన్ ఆయిల్ వచ్చిన ఖాళీ పీపాలు పాత సామాన్ల కొట్లో వరసగా నిలబెట్టి ఉంటాయి. కడిగినా కాల్చినా వాటిని వంటకి నమ్మడానికి లేదు. వంటనూనె వచ్చిన డ్రమ్మో, మామిడి గుజ్జు వచ్చిన డ్రమ్మో వెతకండి. మామిడి గుజ్జుని సంచిలో నింపి ఆ సంచిని డ్రమ్ములో పెట్టి పంపుతారు కాబట్టి లోపల శుభ్రంగా ఉంటుంది. పై మూత పూర్తిగా ఊడివచ్చే రకం అడగండి. లోపల ఎర్రగానో, గోధుమ రంగులోనో పూత కనిపిస్తే అది పూర్తిగా పోయేదాకా నిండా కట్టెలు వేసి భగభగ మండించి, ఇనుప బ్రష్షుతో గీకించాలి. పూత లేని డ్రమ్ము దొరికితే ఈ తిప్పలేవీ ఉండవు. ఏదీ దొరక్కపోతే కొత్త షీటుతోనే గుండ్రంగా చుట్టించండి.

చేయించేటప్పుడు నాలుగు కొలతలు చెప్పాలి. అడుగు నుంచి రెండు అంగుళాల ఎత్తులో చుట్టూ మూడు నాలుగు రంధ్రాలు, ఒక్కోటి అంగుళం వెడల్పు. వాటిలో కనీసం మూడింటికి మూసి తెరిచే బిళ్ళ ఉండాలి. బొగ్గు బుట్ట అడుగుకి ఆనకుండా మూడు అంగుళాలైనా పైకి ఉండాలి, లేకపోతే బూడిద పేరుకుని గాలి ఆగిపోతుంది. బొగ్గుకీ జాలీకీ మధ్య రెండడుగుల ఎడం. మూత మీద పొగ పోవడానికి కింది రంధ్రాలన్నీ కలిపినంత దారి. "బాబాయ్ గారూ, జీఐ షీటు వద్దండి, ఎంఎస్ షీటే వెయ్యండి" అని గట్టిగా చెప్పండి. ఎంఎస్ అంటే పూత లేని మామూలు ఇనుము, జీఐ అంటే జింకు పూత ఉన్నది. నిప్పు దగ్గర ఆ పూత కాలి వచ్చే పొగ పీల్చకూడనిది, తిండికి తగలకూడనిది. బుట్ట, జాలీ, చువ్వలు, బోల్టులు అన్నిటికీ ఇదే మాట. జాలీ మాత్రం స్టెయిన్‌లెస్ స్టీల్ వేయించుకోగలిగితే ఎన్నాళ్ళయినా ఉంటుంది.

200 లీటర్ల డ్రమ్ము లోపలి వెడల్పు ఇంచుమించు 57 సెంటీమీటర్లు. అంటే ఆ సైజు కెటిల్ జాలీ అందులో సరిగ్గా కూర్చుంటుంది. కెటిల్‌తో మొదలుపెట్టి, చెయ్యి తిరిగాక డ్రమ్ము చేయించుకుంటే జాలీ మళ్ళీ కొనక్కర్లేదు. నేను కెటిల్ ముందు అనడానికి ఇదీ ఒక కారణమే.

డ్రమ్ము లోపాలు కూడా తెలుసుకోండి. కొత్తలో వేడి పెరిగిపోతే దించడం కష్టం. గాలి బిళ్ళలు మూసినా దిగడానికి అరగంట పడుతుంది. అందుకే 110 డిగ్రీలు చేరకముందే, 95 దగ్గరే బిళ్ళలు సగం మూసెయ్యాలి. చేపకి ఇది అంత నప్పదు, అడుగునుంచి వేడి నేరుగా తగులుతుంది. కోళ్ళు, బాతులు, మేక తొడలు ఎక్కువమందికి వండాలంటే మాత్రం దీన్ని మించింది లేదు. కోళ్ళని కొక్కేలకి వేలాడదీస్తే ఆరేడు ఒకేసారి పడతాయి.

బుల్లెట్, ఆఫ్‌సెట్, మిగతావి

నిలువుగా క్యాప్సూల్ ఆకారంలో ఉండేదాన్ని బుల్లెట్ స్మోకర్ అంటారు. అడుగున నిప్పు, మధ్యలో పెద్ద నీళ్ళ గిన్నె, పైన రెండు అంతస్తుల జాలీ. వేడిని పట్టి ఉంచడంలో కెటిల్ కన్నా ఒక మెట్టు పైనే. చేపలకి చాలా మంచిది. కానీ అది పొగ వంట తప్ప ఇంకేమీ బాగా చెయ్యదు. ఇంట్లో ఇప్పటికే మంచి గ్రిల్ ఉండి, నెలనెలా చేపలు పొగ పట్టించే అలవాటు చేసుకోవాలనుకుంటే కెటిల్ బదులు దీన్నే కొనండి.

ఆఫ్‌సెట్ అంటే అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద గొట్టం, దాని పక్కన వేరే పొయ్యి పెట్టె. ఇందులో కట్టెలే కాల్చాలి. ముప్పావు గంటకోసారి ఒక కట్టె వెయ్యాలి. ఆ కట్టె తేమ 20 శాతానికి మించకుండా ఎండి ఉండాలి. జూన్ నుంచి నవంబరు దాకా వాన ముసురు, ఆ తర్వాత పొగమంచు ఉన్న మన నేలలో అలాంటి కట్టెలు నిలవ ఉంచడమే పెద్ద పని. మందపాటి ప్లేటుతో చేసినవి బాగుంటాయి కానీ నలుగురు పడితే గానీ కదలవు. పలచటి షీటుతో చేసిన చవక రకాల్లో మూత సందుల్లోంచి పొగ కారిపోతుంది, గాలి వీస్తే వేడి పడిపోతుంది. మొదటి స్మోకర్‌గా ఇది వద్దు. నాలుగేళ్ళు వండాక మనసు లాగితే అప్పుడు చూసుకోవచ్చు.

మట్టితోనో సెరామిక్‌తోనో గుడ్డు ఆకారంలో చేసే కమాడో చాలా గొప్ప పొయ్యి. గుప్పెడు బొగ్గుతో గంటలకొద్దీ నడుస్తుంది. ఖరీదు మాత్రం సామాన్యులు కొనేలా లేదు, పగిలితే విడిభాగాలు దొరకడం కష్టం. పెల్లెట్ స్మోకర్‌లో చెక్క పొట్టు గుళికల్ని మోటారు తనే నిప్పులోకి తోస్తుంది, మీరు వేడి నొక్కి వదిలేస్తే చాలు. ఆ గుళికలు తేమ తగిలితే ఉబ్బి పొడైపోతాయి, ఆ పొడి మోటారు గొట్టంలో బిగుసుకుంటుంది. శ్రావణమాసంలో ఉప్పు సీసాలో చెమర్చే ఊళ్ళో వాటిని కాపాడుకోలేం. గ్యాసు స్మోకర్ వాడకం సులువే, అయితే పొగ రుచి పలచగా ఉంటుంది.

ఇటుకలతో కట్టించుకుంటామనేవాళ్ళు కూడా ఉంటారు. మెరక మీద ఇల్లయితే మంచిదే. లంక గ్రామాల్లో వద్దు. వరద వచ్చినప్పుడు కదిలించలేనిది ఏదీ అక్కడ కట్టకూడదు.

కరెంటు స్మోకర్ ఎవరికి

రాజమండ్రిలోనో కాకినాడలోనో చిన్న జాగాలో ఉండేవాళ్ళు దీని గురించే అడుగుతారు. బీరువా ఆకారంలో ఉంటుంది, అడుగున హీటరు, దాని పైన చెక్క ముక్కల ట్రే. వేడి నిలకడలో దీనికి సాటి లేదు, చేపకి మరీ బాగుంటుంది. నిప్పు చూసుకునే ఓపిక లేనివాళ్ళకి, నడుం వంచలేని పెద్దవాళ్ళకి నేను ఇదే చెప్తాను. రెండు షరతులు. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ప్లగ్గు కావాలి, వాన చినుకు పడని చోటు కావాలి. ఆ చోటు గది లోపల మాత్రం కాకూడదు. కరెంటుదైనా పొగ పొగే. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెడితే పై అంతస్తు వాళ్ళ బట్టలన్నీ వాసన కొడతాయి, మాట వస్తుంది. డాబా మీద, గాలి వాలు చూసుకుని పెట్టుకోండి. వంట మధ్యలో కరెంటు పోతే తలుపు తియ్యకండి. వేడి 60 కన్నా కిందికి జారి చాలాసేపు అలాగే ఉంటే ఆ చేపని ఓవెన్‌లోనో పెనం మీదో వెంటనే పూర్తిగా వండెయ్యండి.

ఉప్పు గాలి, తుప్పు, వాన

ఏ రకం కొన్నా మన దగ్గర దాని ఆయుష్షు తేల్చేది తుప్పు. అంతర్వేది, నరసాపురం లాంటి సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఇనప గేటు ఎంత త్వరగా పెచ్చులూడుతుందో తెలిసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. కెటిల్‌లో రెండు రకాల పూతలు ఉంటాయి: మామూలు పెయింటు, పింగాణీ పూత. ఖరీదు ఎక్కువైనా పింగాణీ పూత ఉన్నదే తీసుకోండి. పెచ్చు ఊడనంత కాలం దానికి తుప్పు పట్టదు. పాతది కొంటే ముందు గిన్నె అడుగున రంధ్రాల చుట్టూ వేలితో తడిమి చూడండి. పూత పోయి గరుకుగా తగిలితే వదిలెయ్యండి.

తుప్పు వానవల్లే వస్తుందనుకుంటారు. దానికన్నా బూడిద ఎక్కువ చెరుపు చేస్తుంది. బూడిద గాలిలోని తేమ పీల్చుకుని క్షారంగా మారి అడుగున ఇనుముని తినేస్తుంది. కాబట్టి వంటైన మర్నాడు బూడిద తీసెయ్యడం మూత కప్పడం కన్నా ముఖ్యం. అదే రోజు తీయకండి. బూడిద కింద నిప్పు కణం ఒక రోజు దాకా బతికే ఉంటుంది. మూత ఉన్న ఇనుప బకెట్‌లోకి ఎత్తండి. డ్రమ్ముకి లోపల వంటనూనె పలచగా రాసి ఒకసారి కాల్చితే నల్లటి పొర కడుతుంది, అదే దానికి కవచం. బొగ్గు బస్తాని కూడా నేల మీద పెట్టకండి, మూత బిగిసే డబ్బాలో పొయ్యండి. చెమ్మగిల్లిన బొగ్గు గంటసేపు తెల్లపొగ కక్కుతుంది.

పెట్టే చోటు గురించి కచ్చితంగా ఉండండి. తాటాకు పాక, గడ్డివాము, ఎండిన కొబ్బరి మట్టల కుప్ప దగ్గర్లో వద్దే వద్దు. ఇంటి గోడకి పదడుగులైనా ఎడం ఉంచండి. వాన వచ్చిందని రగులుతున్న స్మోకర్‌ని వరండాలోకో షెడ్డులోకో లాగకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మూసిన చోట మనిషి ప్రాణం తీస్తుంది. వాన పడితే మూత, రంధ్రాలు మూసి, వంటని వంటింట్లోకి తీసుకెళ్ళి పూర్తిచెయ్యండి.

కట్టెలో మన భాగ్యం

ఇక్కడ మనం అదృష్టవంతులం. పెరట్లో కొమ్మలు నరికినప్పుడల్లా మామిడి, జామ, సపోటా చెక్క వస్తూనే ఉంటుంది. ఆరు నెలలు ఎండబెట్టి, పిడికిలంత ముక్కలు చేసి ఉంచండి. చేపకి, రొయ్యకి జామ. కోడికి మామిడి. మేకకి కొంచెం తుమ్మ కలిపినా తట్టుకుంటుంది. చేపకి తుమ్మ ఎక్కువైపోతుంది. వేప పొగ నాకు గిట్టదు, చేదు తగులుతుంది. కొబ్బరి డొక్కల్ని నిప్పు రాజెయ్యడానికి వాడండి, వంటకి పొగ కోసం వద్దు, ఘాటు, మసి ఎక్కువ. పెరటి కంచెలో ఉండే గన్నేరు విషం, దాని పుల్ల కూడా దరిదాపుల్లోకి రానివ్వకండి. జీడిగింజల తొక్కల్లో ఒంటిని పొక్కించే నూనె ఉంటుంది, అదీ అంతే. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాత పడవ చెక్క కూడా వద్దు. ముక్కల్ని నీళ్ళలో నానబెట్టాలని చాలామంది చెప్తారు. నానిన చెక్క ముందు ఆవిరి వదులుతుంది, నిప్పుని చల్లారుస్తుంది, తర్వాతే పొగ. పొడిగానే వెయ్యండి. కిరోసిన్ పోసి రాజేస్తే ఆ వాసన వంటలో కూర్చుంటుంది. అడుగు ఎత్తు ఇనుప గొట్టంలో బొగ్గు నింపి కింద కాగితం, డొక్క పీచు అంటిస్తే పావుగంటలో నిప్పులు తయారు.

కొట్లో చూడాల్సినవి

కెటిల్ కొనేటప్పుడు ఫోను లైటు వేసి గిన్నెలో పెట్టి, మూత వేసి, కొట్లో కాస్త చీకటి మూల చూడండి. మూత చుట్టూ సన్నటి వెలుగు గీత అక్కడక్కడ కనిపిస్తే ఫర్వాలేదు. ఒక పక్క వేలు దూరేంత వెలుగు వస్తే మూత వంకర పోయిందన్నమాట, వేరేది తీయించండి. గాలి బిళ్ళల్ని పూర్తిగా మూసి తెరిచి చూడండి, గట్టిగా బిగిసి ఉండకూడదు, వదులుగా జారిపోనూ కూడదు. కాళ్ళు పట్టుకుని ఊపండి. నిప్పుతో ఉన్నది ఊగితే పిల్లలున్న ఇంట్లో భయమే.

స్మోకర్ మీద ఎంత ఖర్చు పెట్టినా, మాంసంలో గుచ్చే డిజిటల్ థర్మామీటర్ లేకుండా మొదలుపెట్టకండి. మూత మీద వచ్చే గుండ్రటి మీటరు మూత దగ్గరి వేడి చెప్తుంది, జాలీ దగ్గరిది కాదు. కొత్త థర్మామీటర్‌ని మరిగే నీళ్ళలో ముంచండి. డెల్టా సముద్ర మట్టానికి దగ్గరే కాబట్టి 100 చూపించాలి. ఐసు నీళ్ళలో సున్నా చూపించాలి. తేడా ఎంతుందో తెలిస్తే ఆ లెక్క కలుపుకోవచ్చు. కోడికి లోపల 74 డిగ్రీలు, చేపకీ రొయ్యకీ 63. మేక తొడ 63కే తినదగ్గదవుతుంది కానీ పీచు విడిపోయేంత మెత్తబడాలంటే 90 దాటాలి. దారిలో 65, 75 మధ్య గంటా గంటన్నర అంకె కదలదు. మాంసం చెమట పట్టి తనని తనే చల్లబరుచుకునే దశ అది. టెన్షన్ పడి నిప్పు పెంచకండి, దానంతటదే దాటుతుంది. నాటుకోడి మాత్రం పొగతో మెత్తబడదు. గంటసేపు పొగ పట్టించి, దించి, ముక్కలు కోసి ఇగురు పెట్టండి. ఆ ఇగురు తిన్నవాళ్ళు మళ్ళీ అడుగుతారు.

మొదటి వంట

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కానీ చెయ్యి తిరగకముందు పులస జోలికి పోకండి. అంత ఖరీదు చేపతో నేర్చుకోవడం న్యాయం కాదు, పైగా దాని అందం పులుసులోనే ఉంది. పండుగప్పతో మొదలుపెట్టండి. కండ గట్టిగా, ముళ్ళు తక్కువగా ఉంటాయి. చర్మంతోనే పొడవాటి ముక్కలు కోయించండి. లీటరు నీళ్ళకి 80 గ్రాముల ఉప్పు, కొంచెం బెల్లం కలిపి, ఫ్రిజ్‌లో గంటసేపు నానబెట్టి, కడిగి, గుడ్డతో అద్దండి.

ఆ తర్వాత ఆరబెట్టాలి. పుస్తకాల్లో గాలి తగిలే చోట పెట్టమంటారు. అది పొడి గాలి ఉన్న దేశాలకి. మన గాలిలో తేమ ఎక్కువ, ఈగలు సరేసరి. చర్మం కిందికి ఉండేలా జాలీ మీద పరిచి, ఏమీ కప్పకుండా ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. పొద్దున్న వేలితో తాకితే తడి అంటకూడదు, జిగురు తగలాలి, మెరుపు కనిపించాలి. పొగ ఆ జిగురు పొరకే పట్టుకుంటుంది. తడి చేపకి పట్టిన పొగ మరకలు మరకలుగా ఉంటుంది.

కెటిల్‌లో 105 డిగ్రీల దగ్గర, రెండు జామ ముక్కలు వేసి, గంటసేపు. మూత అదేపనిగా తీసి చూడకండి. అంచుల్లో తెల్లటి చుక్కలు తేలడం మొదలైతే వేడి ఎక్కువైనట్టు, కింది రంధ్రం సగం మూయండి. ముక్క తేనె రంగులోకి తిరిగి, లోపల 63 చూపించగానే తీసెయ్యండి. వేడివేడిగా అన్నంలో, నిమ్మకాయ పిండుకుని తినొచ్చు. చల్లారాక విడదీసి ఉల్లిపాయ, పచ్చిమిర్చితో వేపుడు చేసుకోవచ్చు. అదే నిప్పు మీద, చేప దించాక, నాలుగు టమాటాలు పెట్టేస్తే మర్నాటి పచ్చడికి పనికొస్తాయి. చేప తినని పెద్దవాళ్ళుంటే వాళ్ళ టమాటాలు ముందే, కడిగిన వేరే జాలీ మీద పెట్టండి.

ఇలా పొగ పట్టించిన చేప ఎండుచేపలా బయట నిలవ ఉండదు. ఉప్పు తక్కువ, తడి ఎక్కువ. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో తినెయ్యండి. హైదరాబాద్‌లో ఉన్న పిల్లలకి పంపాలంటే ముందు డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ఐసు పెట్టెలో పంపండి.